డీస్పేస్‌లో తెలుగు వ్యాసం వెతికితే రావట్లేదు, రేపే ప్రోగ్రాం, అర్జెంట్

సీమ_లైబ్రరీ:
సాయంత్రం నాలుగింటి నుంచి ఇదే పని, ఇప్పుడు రాత్రి పదవుతోంది, అన్నం కూడా తినలేదు. ఆగస్టు 12 లైబ్రేరియన్స్ డేకి మా కాలేజీలో టి.బి. రాజశేఖర్ గారి మీద చిన్న సంస్మరణ పెట్టుకున్నాం. మా దగ్గర పనిచేసి రిటైరైన సార్ ఒకాయన తెలుగులో నాలుగు పేజీల వ్యాసం రాసిచ్చారు. దాన్ని మా డీస్పేస్‌లో, అంటే కాలేజీ వ్యాసాలూ పత్రాలూ దాచి వెతుక్కునే సాఫ్ట్‌వేర్‌లో పెట్టాను. తెరిస్తే పీడీఎఫ్ చక్కగా కనబడుతోంది, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. కానీ రాజశేఖర్ అని తెలుగులో వెతికితే సున్నా, ఇంగ్లీషులో వెతికినా సున్నా. రెండుసార్లు తీసేసి మళ్ళీ ఎక్కించాను, సర్వర్ రీస్టార్ట్ చేశాను. రేపు ప్రిన్సిపాల్ గారి ముందు వెతికి చూపించాలి. ఎవరైనా చెప్పండి ప్లీజ్, టెన్షన్‌తో చచ్చిపోతున్నా.

టామ్‌క్యాట్:
వెర్షన్? ఏ ఫాంట్? వెతుకులాటకు మాటల పట్టిక తయారుచేసే ఇండెక్స్ నడిపారా? ఏమీ చెప్పకుండా రావట్లేదంటే ఎలా.

పాత_కార్డు_క్యాటలాగ్:
అమ్మా, మీ సమస్య సంగతి నాకు తెలియదు గానీ ఆ పేరు చూసి ఆగిపోయాను. ఇప్పటి పిల్లలకు రాజశేఖర్ గారంటే ఎవరో తెలియదు. బెంగళూరు ఐఐఎస్సీలో, అదే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో, నేషనల్ సెంటర్ ఫర్ సైన్స్ ఇన్ఫర్మేషన్ ఉండేది, అక్కడి వారు. 1995లో అక్కడి నుంచే ఎల్ఐఎస్-ఫోరం మొదలైంది, దేశంలోని లైబ్రేరియన్లంతా మెయిళ్ళలో మాట్లాడుకునే చోటు. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చింది కూడా ఆ ఏడాది ఆగస్టు 15నే, ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్ఎన్ఎల్ ద్వారా, అదీ పెద్ద నగరాల్లో. కాలేజీకి లైబ్రేరియన్ అంటే ఒక్కడే కదా, పక్కన అదే పని తెలిసినవాడు ఇంకొకడు ఉండడు. లెక్చరర్లకు స్టాఫ్ రూం ఉంది, మనకేముంది? ఫలానా జర్నల్ ఫలానా సంపుటి ఎవరి దగ్గరుందో తెలుసుకోవాలంటే పోస్టుకార్డులు రాసి నెలల తరబడి ఎదురు చూసేవాళ్ళం. ఈ ఫోరంలోకి వచ్చాక పొద్దున అడిగితే సాయంత్రానికి ఎక్కడో గుజరాత్ నుంచో కేరళ నుంచో జవాబు. షెల్ అకౌంట్‌లో నల్ల తెర మీద చదువుకునేవాళ్ళం, బొమ్మలూ రంగులూ ఏమీ ఉండవు. మధ్యలో ఎవరో ఒకరు 'నా పేరు తీసేయండి' అని అందరికీ పంపేవారు, దానికి నలుగురు 'మాదీ తీసేయండి' అని మళ్ళీ అందరికీ పంపేవారు, అదో గోల. ఆయన 2005లో పోయారు, ఇంకా ఉద్యోగంలో ఉండగానే. ఆయన తర్వాత కూడా ఫోరం నడిచింది.

నిక్కచ్చి:
పెద్దాయన క్షమించాలి, పేరులో ఫోరం ఉన్నా అది ఫోరం కాదు, ఒకరు పంపిన మెయిల్ సభ్యులందరికీ వెళ్ళే మెయిలింగ్ లిస్ట్. దాన్నే కొందరు లిస్ట్‌సర్వ్ అంటారు, అదీ తప్పే. లిస్ట్‌సర్వ్ అన్నది 1986లో ఎరిక్ తోమా అనే ఆయన రాసిన సాఫ్ట్‌వేర్ పేరు. జిరాక్స్ లాగా జనం అన్నిటికీ వాడేస్తున్నారు.

పాత_కార్డు_క్యాటలాగ్:
ఏదైతేనేం నాయనా, జవాబు వచ్చేది కదా.

బెజవాడ_పుస్తకం:
ఆన్‌లైన్ ఆన్‌లైన్ అంటారు గానీ, గ్రంథాలయాల వాళ్ళను ఒకచోట చేర్చడం మనకు కొత్తా? అయ్యంకి వెంకటరమణయ్య గారు 1914లోనే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టించారు, గ్రంథాలయ సర్వస్వం పత్రిక నడిపారు. ఊరూరా ఉన్న చిన్న చిన్న గ్రంథాలయాలకు అదే ఫోరం, అదే మెయిలింగ్ లిస్ట్. లైబ్రేరియన్స్ డే అంటే ఆ రోజున పుట్టిన రంగనాథన్ గారొక్కరేనా? పైగా లైబ్రేరియన్ ఏమిటి, గ్రంథపాలకుడు అనే చక్కటి మాట ఉండగా.

నిక్కచ్చి:
గ్రంథపాలకురాలు అనాలి, అడిగింది మేడం అయితే. ఉద్యోగ ప్రకటనల్లో గ్రంథాలయాధికారి అని కూడా చూశాను.

సీమ_లైబ్రరీ:
అయ్యా నన్ను ఏమన్నా పిలవండి, ముందు ఆ వ్యాసం వెతికితే వచ్చేలా చూడండి. వెర్షన్ 6. సార్ కాగితం మీద రాసిచ్చారు, మా ఊళ్ళో ప్రెస్ వాళ్ళు టైప్ చేసి పీడీఎఫ్ ఇచ్చారు. శీర్షిక కూడా వాళ్ళ ఫైల్లోంచే కాపీ చేద్దామనుకుంటే పిచ్చి గుర్తులు వచ్చాయి, అందుకని ఇంగ్లీషులో కొట్టాను.

టామ్‌క్యాట్:
ఇది మొదటే చెప్పాల్సింది. ప్రెస్ అంటే అను ఫాంట్లు. చూడ్డానికి తెలుగు, లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. పీడీఎఫ్‌లో ఫాంట్ ఇమిడి ఉంటుంది కాబట్టి కంటికి బాగుంటుంది, ఇండెక్స్‌కి మాత్రం చెత్త. నమ్మకపోతే ఒక లైను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేయండి.
ప్రెస్ వాళ్ళ దగ్గర పేజ్‌మేకర్ ఫైల్ తీసుకుని అను నుంచి యూనికోడ్‌కి, అంటే కంప్యూటర్ తెలుగుగా గుర్తుపట్టే అక్షరాలకి, కన్వర్టర్‌తో మార్చండి, వత్తులు తప్పుతాయి, కూర్చుని దిద్దాలి. మండలి లాంటి యూనికోడ్ ఫాంట్‌లో మళ్ళీ పీడీఎఫ్ చేసి ఎక్కించండి. తర్వాత డీస్పేస్‌లో రెండు కమాండ్లు నడపండి: పీడీఎఫ్‌లోంచి మాటలు తీసే ఫిల్టర్-మీడియా, ఆ తర్వాత వాటిని ఇండెక్స్‌లో చేర్చే ఇండెక్స్-డిస్కవరీ. రాత్రికి అంత టైం లేకపోతే శీర్షిక, సారాంశం, కీలకపదాలు చేత్తో యూనికోడ్‌లో కొట్టండి, రేపటికి అది చాలు.

సీమ_లైబ్రరీ:
సరే అవి కొడతాను. మరి ఇంగ్లీషులో కొట్టిన శీర్షిక కూడా ఎందుకు రావట్లేదు? అక్కడ ఫాంట్ గొడవ లేదుగా.

నిక్కచ్చి:
స్పెల్లింగ్ ఎలా కొట్టారు? మనవాళ్ళు శేఖర్ అంటే కె పక్కన హెచ్ పెడతారు. ఆయన రాసుకునేది ఎస్ పక్కన హెచ్, కె పక్కన ఏమీ లేదు. ఒకలా ఎక్కించి ఇంకోలా వెతికితే సున్నానే వస్తుంది. ఒక పేరుకు ఒకే స్పెల్లింగ్ ఖాయం చేసే అథారిటీ ఫైల్ ఎందుకు ఉండాలంటామో ఇప్పుడైనా అర్థమైందా? లైబ్రరీ సైన్స్ చదివేటప్పుడు మా బ్యాచ్‌లో అందరూ ఆ పాఠం ఉన్న పరీక్ష పేపర్‌ని తిట్టుకున్నవాళ్ళే.

సీమ_లైబ్రరీ:
అయ్యో, శీర్షికలో మన పద్ధతిలో కొట్టి, వెతికేటప్పుడు ఆయన పద్ధతిలో వెతుకుతున్నా. ఆరు గంటలు.

పాత_కార్డు_క్యాటలాగ్:
ఇంకో మాట అమ్మా. మీ రిటైరైన సారు ఫోరం గురించే రాసి ఉంటారు, ఈప్రింట్స్ సంగతి కూడా రేపు ఒక ముక్క చెప్పండి. 2002లో ఐఐఎస్సీ వాళ్ళ పరిశోధన పత్రాలన్నీ ఎవరైనా ఉచితంగా చదువుకునేలా పెట్టడం మొదలుపెట్టారు, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ యూనివర్సిటీ వాళ్ళ సాఫ్ట్‌వేర్‌తో. దేశంలో ఒక సంస్థకు అలాంటి రిపాజిటరీ అదే మొదటిది. అది నిలబెట్టింది ఆయన. మీరిప్పుడు కుస్తీ పడుతున్న డీస్పేస్ కూడా ఆ ఏడాదే వచ్చింది, అమెరికాలో ఎంఐటీ నుంచి.

బెజవాడ_పుస్తకం:
రిపాజిటరీకి తెలుగులో నిక్షేపాగారం అనొచ్చు కదా?

టామ్‌క్యాట్:
అనకండి.

సీమ_లైబ్రరీ:
శీర్షిక, కీలకపదాలు రెండు స్పెల్లింగుల్లోనూ పెట్టాను, తెలుగులో కూడా. ఇప్పుడు వస్తోంది!! వ్యాసం లోపలి మాటలు రావట్లేదు, అది ప్రెస్ తెరిచాక చూస్తా. ఇక్కడ కరెంటు పోయింది, ఫోన్లోంచి పెడుతున్నా. థాంక్స్ అండి అందరికీ.

పాత_కార్డు_క్యాటలాగ్:
మంచిది. ఇంతకీ ఆ వ్యాసం లింకు ఇక్కడ పెట్టలేదే? రాసిన సారు ఎవరో, బహుశా ఆ రోజుల్లో మేమిద్దరం మెయిళ్ళలో మాట్లాడుకునే ఉంటాం.