మైనారిటీ గురుకులాలు పిల్లల్ని కలుపుతున్నాయా, వేరు చేస్తున్నాయా?

పలకబలపం (నిజామాబాద్)
మా వీధి చివర మటన్ కొట్టు ఖురేషీల అమ్మాయి ఐదో తరగతి నుంచి ఇంటర్ దాకా మైనారిటీ గురుకులంలోనే చదివింది. మొన్న మీసేవలో కనబడింది. వాళ్లమ్మకి తెలుగు చదవడం రాదు. ఆదాయ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు 'ఖరేషి' అని పడితే ఈ పిల్లే పట్టుకుని, కౌంటర్ దగ్గర నిలబడి మార్పించింది. ముచ్చటేసింది. ఇంటికొచ్చి చెప్తే మా ఆయన "అందర్నీ తీసుకెళ్లి ఒకచోట పెడితే ఇక కలిసేది ఎవరితో?" అన్నారు. తెలంగాణలో ఇవి 2016లో 71 బళ్లతో మొదలై, మరుసటి ఏడాదికి 204 అయ్యాయి. సీట్లు నూటికి 75 మైనారిటీలకి, 25 మిగతావాళ్లకి. మీరేమంటారు?

గోదారిగట్టు
మీ వారన్నదే రైటు. బోర్డు మీద 'మైనారిటీ' అని రాశాక ఇంకా కలపడం ఏంటి? నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివా. నా పక్కన కూర్చునేది మస్తాన్. ఒకే బెంచీ, ఒకే గోలీ సోడా ఇద్దరం తాగేవాళ్లం. ఇప్పుడు ఆ బడిలో పిల్లల్లేరు, ఇటు చూస్తే మతానికో హాస్టలు. అంతా ఓట్ల లెక్క. 2004లో ముస్లింలకి 5 శాతం రిజర్వేషన్ అని జీవో తెచ్చారు, హైకోర్టు కొట్టేసింది. 2005లో మళ్లీ తెచ్చారు, అదీ కొట్టేసింది. 2007లో 4 శాతం చేసి 'బీసీ-ఈ' అని ఇంకో పేరు పెట్టారు. మతం పేరిట రిజర్వేషన్ రాజ్యాంగంలో ఎక్కడుందో చూపించండి, నోరు మూసుకుంటా.

టీకొట్టుబెంచి
ఆవిడ బడి గురించి అడిగితే మొదటి రిప్లైకే రిజర్వేషన్‌లోకి వెళ్లిపోయాం. రికార్డు.

నూర్_కర్నూలు
గోదారిగట్టు గారూ, ఆ 4 శాతం ముస్లింలందరికీ కాదు. బీసీ-ఈ లిస్టు ఒకసారి తీసి చూడండి. సయ్యద్, పఠాన్, మొఘల్ అందులో లేరు. ధోబీ, హజామ్, ఫకీరు, ఖురేషీ, షేక్ లాంటి వాళ్లున్నారు. 2010లో హైకోర్టు దాన్నీ కొట్టేసిన మాట నిజమే. ఆ మార్చిలోనే సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వబట్టి నడుస్తోంది.

నాకు అందులో వాటా లేదు లెండి. మేం దూదేకుల, మాది వేరే లిస్టు, బీసీ-బి. మా తాత పరుపులు కుట్టేవాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, మా నాయనకి ఉర్దూ రెండు ముక్కలు కూడా రావు. ఇంతకన్నా ఎంత కలవాలో చెప్పండి. పోయినేడు నిజాంపేటలో ఓ ఇల్లు చూశా. నా యాస విని ఓనరు "కర్నూలా బాబూ, మా చెల్లెల్ని అక్కడే ఇచ్చాం" అని కాఫీ ఇప్పించాడు. ఐదు వేలు టోకెన్ పంపా. అగ్రిమెంటు కోసం ఆధార్ కాపీ వాట్సాప్‌లో పెట్టిన పది నిమిషాలకి డబ్బు వెనక్కొచ్చింది. 'మా అబ్బాయి ఫారిన్ నుంచి వచ్చేస్తున్నాడు' అని మెసేజ్. టూలెట్ బోర్డు ఇంకో నెల దాకా ఆ గేటుకే వేలాడింది. నేను ఆఫీసుకి వెళ్లేది ఆ దారినే.

గోదారిగట్టు
సొంత ఇల్లు వేరు, సర్కారు సొమ్ము వేరు. మీకు జరిగినదానికి బాధపడతా, కానీ నా ప్రశ్నకి అది జవాబు కాదు. బోర్డు మీద ఆ మాట ఎందుకు? 'పేదల గురుకులం' అని రాయొచ్చుగా.

నూర్_కర్నూలు
ఎస్సీ గురుకులాలు, బీసీ గురుకులాలు ఉన్నాయి. వాటి బోర్డులు మీకు కనబడలేదా?

వరంగల్_వాన
ఎవరెన్ని చెప్పినా మదరసాకి పోయే పిల్లలు బడికొస్తున్నారు. అది చాలు.

నూర్_కర్నూలు
అదో అపోహ అన్నా. బడి వయసు ముస్లిం పిల్లల్లో మదరసాలకి పోయేది నూటికి ముగ్గురు నలుగురేనని, ముస్లింల స్థితిగతుల మీద కేంద్రం వేసిన సచార్ కమిటీ 2006లోనే చెప్పింది. మా బంధువుల్లో నేను చూసింది వేరే. పిల్లలు మామూలు బడికే పోతారు. ఎనిమిదో తరగతికొచ్చేసరికి వెల్డింగ్ షాపులో తేలతారు. రోగం అక్కడుంది.

గోదారిగట్టు
రోగాల దాకా వచ్చారు కాబట్టి నాదీ వినండి. మా అమ్మాయి రాత్రి రెండింటి దాకా చదివేది. కన్వీనర్ సీటు కొద్దిలో పోయింది. మేనేజ్‌మెంట్ సీటు కోసం అరెకరం కొబ్బరితోట అమ్మా. అదే కాలేజీలో దాని కన్నా వెనక ర్యాంకు పిల్లలు కన్వీనర్ ఫీజుతో చదువుతున్నారు. నేనెవరికి చెప్పుకోను?

టీకొట్టుబెంచి
ఇదన్నమాట అసలు సంగతి.

గోదారిగట్టు
కూతురి కోసం ఏడిస్తే అది 'అసలు సంగతి' అయిందా? బెంచీ మీద కూర్చుని పుల్లలు వెయ్యడం తప్ప నువ్వు చేసేదేముంది?

నూర్_కర్నూలు
ఏడవడం తప్పు కాదు సార్. కానీ మీ తోట అమ్మించింది నూటికి నాలుగు సీట్లా, లక్షల్లో ఫీజు గుంజిన కాలేజీనా? సరే, అది వదిలేద్దాం. పై పోర్షన్ మూడు నెలలుగా ఖాళీ అని పోయిన వారం మీరే రాశారు. మా ఆఫీసు వాళ్లు కాకినాడ మారమంటున్నారు. నాకిస్తారా?

గోదారిగట్టు (మర్నాడు)
రాత్రి ఏదో రాసి చెరిపేశా. అబద్ధం చెప్పను, ఇవ్వలేను. మీరని కాదు. కింద మా అమ్మ ఉంటుంది, 81 ఏళ్లు. పట్టింపులెక్కువ, నీచు వాసన పడదు.

నూర్_కర్నూలు
పోయిన ఆగస్టులో పై పోర్షన్ వాళ్లు గిన్నెడు పులస పులుసు పంపారని ఫోటో పెట్టింది మీరే కదా?

గోదారిగట్టు
అది వేరు.

నూర్_కర్నూలు
ఏది వేరు సార్, పులసా?

గోదారిగట్టు
మీకు నవ్వులాటగా ఉంది. ఒకసారి ఇస్తే వీధిలో పదిమంది అడుగుతారు. రేపు ఇల్లు అమ్మాలంటే రేటు రాదని మా బావమరిది బెదిరిస్తాడు. నాకు మీ మీద ద్వేషం లేదు, నమ్మితే నమ్మండి. మస్తాన్ రోజూ మా ఇంటికొచ్చేవాడు. అరుగు మీద కూర్చుని లెక్కలు చేసుకునేవాళ్లం.

నూర్_కర్నూలు
అరుగు దాకానా?

గోదారిగట్టు
అప్పట్లో అంతే.

నూర్_కర్నూలు
ఇప్పుడెక్కడున్నాడు ఆయన?

గోదారిగట్టు
తెలీదు.

పలకబలపం
మా గురుకులం సంగతి ఎటో పోయింది. ఒక సాయం చేస్తారా? ఖురేషీల అమ్మాయికి హైదరాబాద్‌లో డిగ్రీ సీటొచ్చింది. కాలేజీ హాస్టల్లో ఖాళీ లేదట. కోఠీ వైపు మంచి లేడీస్ హాస్టల్ ఎవరికైనా తెలుసా?

టీకొట్టుబెంచి
మా అక్క కూతురు ఉండేది ఒకటుంది అక్కా, భోజనం బాగుంటుంది. నెంబరు మీకు విడిగా పంపిస్తా. ఆధార్ కాపీ మాత్రం ముందే అడుగుతారు.