‘మధుపంబు వోవునే మదనములకు’: ఉమ్మెత్త మీదికొచ్చింది మధుపమేనా?

రాజోలు నుంచి:
నిన్న సందెవేళ పంటకాలవ గట్టు మీద ఉమ్మెత్త పువ్వు విచ్చుకుంటోంది. పిట్టంత రెక్కలపురుగు వచ్చి, వాలకుండా గాల్లోనే ఆగి, ఒంటికంటే పొడుగైన తొండాన్ని పువ్వు గొట్టంలోకి దింపింది. టార్చి వేస్తే పొట్ట పక్కల గులాబీ, నలుపు పట్టీలు! అప్పట్నుంచీ పోతన భాగవతంలో ప్రహ్లాదుడి సీసపద్యమే నా నాలిక మీద ఆడుతోంది: ‘మందార మకరంద మాధుర్యమునఁ దేలు మధుపంబు వోవునే మదనములకు’, మందారం తేనెలో తేలే తుమ్మెద మదనాల దగ్గరికి పోతుందా అని. మదనమంటే ఉమ్మెత్త అనేగా చదువుకున్నాం. మధువు తాగేదల్లా మధుపమైతే, ఇదీ మధుపమే. మరి పోయింది కదండీ?

అమలాపురం నుంచి:
‘బోవునే’ అండి. మా తాతగారు అలాగే చదివేవారు.

పాలకొల్లు నుంచి:
‘వోవునే’ మాస్టారూ. ‘మధుపంబు’ ప్రథమావిభక్తి, చివర ద్రుతం (నకారం) లేదు. గసడదవాదేశమే వస్తుంది, అంటే ‘పోవునే’లో ‘ప’ ‘వ’ అవుతుంది; ‘బ’ ఎక్కణ్ణుంచి వస్తుంది?

అమలాపురం నుంచి:
సరే, ఒప్పుకున్నాను. కానీ మదనం ఉమ్మెత్తే ఎందుకవ్వాలి? మదనఫలమంటే మంగకాయ. కింద పాదంలో రసాలానికి జోడీ కుటజం, అంటే మామిడికి కొడిశ. చెట్టుకి చెట్టే. అలాగే మందారానికి మంగచెట్టు పెట్టాడు పోతన.

యానాం నుంచి:
ఆ మందారం మన పెరటి మందారం కాదు బాబుగారూ, స్వర్గంలో ఉండే అయిదు చెట్లలో ఒకటి. వెంటనే మందాకిని, అంటే ఆకాశగంగ, వస్తుంది చూడండి. ‘మందార మకరంద మాధుర్యమున’ అని నాలుగు మకారాలు దొర్లించాక, ‘మదనములకు’ దగ్గర అదే అక్షరం చేదుగా తగలడంలో ఉంది ఆయన చెయ్యి. పురుగు పేరు సంగతంటారా, శలభం అనొచ్చు.

పాలకొల్లు నుంచి:
శలభమంటే మిడత కూడానండి, చిక్కే. పోతన చెప్పింది పగటి తుమ్మెదని. ఉమ్మెత్త సందెకి విచ్చుకునే పువ్వు. తెల్లదనం, వాసన, లోతైన గొట్టం అన్నీ రాత్రి పురుగుకే కుదురుతాయి.

రాజోలు నుంచి:
దీని గొంగళి చిలగడదుంప ఆకు తిని పెరుగుతుంది, తోక దగ్గర చిన్న కొమ్ముంటుంది. మా లంకలో దుంపలు తవ్వుతుంటే మట్టిలో దీని గూడు దొరికింది. లోపలి తొండానికి వేరే ఒర, కూజా చెవిలా బయటికి వంగి ఉంది. ఇంకా రెక్కలైనా రాకముందే అంత తొండం!

అమలాపురం నుంచి:
ఆ గూడు ఫొటో పెట్టండి. మంగచెట్టు మాట మాత్రం నేను వెనక్కి తీసుకోను.