గబ్బిలాల సర్వేకు రికార్డరు చాలునా, వల పన్నాలా?

పాకాల పరిశీలకుడు:
వరంగల్ దగ్గర పాడుబడిన ఒక కాకతీయుల నాటి గుడిలో ఏయే జాతుల గబ్బిలాలు ఉన్నాయో మా బృందం తెలుసుకోదలచింది. ముఖమండపంలో గబ్బిలాల పిలుపులను దానంతటదే నమోదు చేసే ఆడియోమాత్ వంటి రికార్డరు పెడితే చాలునని కొందరు, వల పన్నక తప్పదని మరికొందరు అంటున్నారు. సభ్యుల అభిప్రాయం కోరుతున్నాను.

హనుమకొండ అధ్యాపకుడు:
వల వద్దు. అలవాటు లేని చేతులు చిక్కు విడదీయబోతే రెక్క పొర చిరుగుతుంది, కరిస్తే రేబిస్ భయం ఉండనే ఉంది. పురుగులు తినే గబ్బిలాల పిలుపులు చాలావరకు 20 కిలోహెర్ట్జ్ పైన, మన చెవికి అందని స్థాయిలో ఉంటాయి. ముక్కు మీద ఆకులాంటి మడత ఉండే హిప్పోసిడెరస్ గబ్బిలం పిలుపైతే, రికార్డయిన ధ్వనిని కంప్యూటరులో గీతగా చూసినప్పుడు తెర మీద ఒకే ఎత్తులో సాగి, చివర చిన్న తోకలా కిందికి దిగుతుంది. దాన్ని గుర్తుపట్టడం విద్యార్థులకు కూడా కష్టం కాదు.

జనగామ జీవశాస్త్రి:
వల గురించి మీ భయం సరైనదే గాని, రికార్డరును మీరు నమ్మినంతగా నేను నమ్మలేను. పౌనఃపున్యం పెరిగేకొద్దీ ధ్వనిని గాలి త్వరగా మింగేస్తుంది. అందువల్ల 100 కిలోహెర్ట్జ్ దాటి పిలిచే హిప్పోసిడెరస్ కొద్ది మీటర్ల దూరంలోకి వస్తేనే నమోదవుతుంది. రాతి గోడలను అంటిపెట్టుకుని ఉండే టాఫోజోస్ గబ్బిలం 30 కిలోహెర్ట్జ్ దరిదాపుల్లో గట్టిగా పిలుస్తుంది కనుక చాలా దూరం నుంచే దొరుకుతుంది. ఫైళ్లు లెక్కపెట్టి మొదటిది అరుదు, రెండోది విస్తారం అని రాస్తే అది గుడి లెక్క కాదు, మైక్రోఫోను లెక్క. పైగా ఒకే గబ్బిలం వంద చక్కర్లు కొడితే వంద ఫైళ్లు తయారవుతాయి.

ఇక చింతచెట్లకు వేలాడే పెద్ద పండ్ల గబ్బిలాలు చూపు, వాసనల మీదే తిరుగుతాయి కాబట్టి వాటి పిలుపులు ఈ పద్ధతికి అందవు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పండ్ల గబ్బిలాలను హానికారక జీవుల షెడ్యూలులో చేర్చింది. 2022 సవరణ ఆ షెడ్యూలునే తొలగించింది. ఇన్నేళ్ల తర్వాత వీటిని మన సర్వే కూడా వదిలేస్తే బాగుండదు.

జాతి పేరు చెప్పే సాఫ్ట్‌వేర్లలో ఎక్కువవి ఐరోపా, అమెరికా గబ్బిలాల పిలుపులతో తయారైనవి. మన గబ్బిలాన్ని పట్టుకుని, ముంజేతి పొడవు కొలిచి, వదిలేటప్పుడు గొంతు రికార్డు చేస్తేనే ఏ గొంతు ఏ జాతిదో తేలుతుంది.

హనుమకొండ అధ్యాపకుడు:
ఆ పని అటవీ శాఖ అనుమతితో, రేబిస్ టీకా వేయించుకున్న పరిశోధకులు చేయవలసినది, పిల్లలది కాదు. సంఖ్య కావాలంటే వాకిట పరారుణ దీపం, కెమెరా పెట్టి, పొద్దుగూకాక బయటికి వచ్చేవాటిని వీడియో తీసి, నెమ్మదిగా నడిపించి లెక్కించవచ్చు.

జనగామ జీవశాస్త్రి:
గుడికి ఒకటే దారి ఉంటే నాకూ అభ్యంతరం లేదు. శిఖరంలో పగుళ్లు ఉంటే మాత్రం సగం అటే పోతాయి. కెమెరా ఎక్కడ పెట్టాలో నిర్ణయించే ముందు ఒక సాయంత్రం గుడికి నాలుగు వైపులా మనుషులను నిలబెట్టి, అవి ఏ దారిన వస్తున్నాయో చూడండి.