ఇద్దరూ అద్దెకున్నోళ్ళే, ఒకళ్ళనొకళ్ళు ఓనర్ అనుకుంటారు: ఈ సిట్‌కామ్ ఎనిమిది ఎపిసోడ్లు లాగొచ్చా?

చిత్తుకాగితం:

నేనూ నా ఫ్రెండూ కలిసి ఒక సిట్‌కామ్ రాస్తున్నాం, పేరు ప్రస్తుతానికి 'ఎడ్డెం తెడ్డెం'. ఒక ఇంట్లో ఇద్దరుంటారు, ఇతను అతన్ని ఓనర్ అనుకుంటాడు, అతను ఇతన్ని ఓనర్ అనుకుంటాడు, ఇద్దరికీ మొహమాటం ఎక్కువ కాబట్టి ఎవరూ నోరు తెరిచి అడగరు. అంతే, కథ మొత్తం అదే. ఒకటో తారీకున ఇద్దరూ ఎదుటివాడి తలుపు కింద నుంచి అద్దె కవరు తోస్తారు, ఇద్దరికీ డబ్బులొచ్చేసరికి "అడ్వాన్స్ తిరిగిచ్చేస్తున్నాడు, ఖాళీ చెయ్యమనేగా దానర్థం" అని కంగారుపడి ఇద్దరూ సామాన్లు సర్దుకుంటారు.

ఫస్ట్ ఎపిసోడ్‌లో ట్యాప్ సీన్ ఇలా ఉంటుంది:

"ట్యాప్ కారుతున్నట్టుందండీ."
"అవునండీ, నేనూ చూశాను."
"ఏదైనా చేయిస్తే బావుంటుంది."
"చేయిస్తే మంచిదేనండీ."

హమ్మయ్య చెప్పేశాం అని ఇద్దరూ వెళ్ళి హాయిగా పడుకుంటారు. బకెట్ నిండుతుంది. మూడో ఎపిసోడ్‌లో అసలు ఓనర్ వస్తే ప్లంబర్ అనుకుని ఆయన చేతిలో పానా పెడతారు, ఆయన కూడా కాదనలేక రిపేర్ మొదలుపెట్టి ట్యాప్ మొత్తం ఊడబీకుతాడు.

ఇంతవరకు బానే ఉంది కానీ చదివిన ప్రతివాళ్ళూ ఒకటే మాట, "ఒక్క ముక్క అడిగితే అయిపోద్ది కదా, ఎందుకడగరు?" అని. నాలుగో ఎపిసోడ్‌కి నాకే చిరాకొస్తోంది. దీన్ని నిలబెట్టే దారేమన్నా ఉందా, లేక పదినిమిషాల స్కిట్‌ చేసి వదిలెయ్యాలా?

రెండోడ్రాఫ్ట్:

మీవాళ్ళ చిరాకుకి ఒక పేరుంది, ఇడియట్ ప్లాట్ అని. రోజర్ ఈబర్ట్ తన సినిమా రివ్యూల్లో ఈ మాట వాడేవాడు, పాత్రలన్నీ మొద్దులైతే తప్ప ముందుకెళ్ళని కథ అని దానర్థం. మీ కథ సరిగ్గా అక్కడే ఇరుక్కుంది, ఎందుకంటే మొహమాటం అనేది ఒక ఎపిసోడ్‌కి సరిపడా కారణం, ఎనిమిదింటికి కాదు.

కాబట్టి అడగకుండా ఆపకండి. అడిగించండి! మొదటి ఎపిసోడ్‌లోనే అడిగించెయ్యండి, అవతలివాడితో అబద్ధం కూడా చెప్పించొద్దు. "ఇల్లు మీదేనా అండీ?" అంటే "మనదే అనుకోండి" అంటాడు. అయిపోయింది. ఇంగ్లీషులో మేము అన్నా మనం అన్నా ఒకటే మాట, మనకి విడివిడిగా రెండున్నాయి, ఉండి కూడా మర్యాద కోసం 'మా' అనాల్సిన చోట 'మన' అంటాం. అడిగినవాడు ఓనరే అని ఖాయం చేసుకుంటాడు, చెప్పినవాడు "ఓహో, మీ ఇల్లే అనుకుని ఉండమని నాచేత అనిపించుకుంటున్నాడు, ఎంత మంచి ఓనరో" అనుకుంటాడు. ఇప్పుడు ప్రేక్షకుడు ఎందుకడగలేదు అనడు, అడిగాడుగా.

ఇంకోటి, ప్రేక్షకుడి దగ్గర ఏదీ దాచకండి. రెండువేల ఏళ్ళకి పైగా అయింది ప్లాటస్ రోమ్‌లో కవలల్ని తారుమారు చేసి నాటకం రాసి, తర్వాత షేక్‌స్పియర్ అదే కథ తీసుకుని ఒక జత చాలదన్నట్టు వాళ్ళ నౌకర్లని కూడా కవలల్ని చేశాడు. ఎవడు ఎవడో మనకి తెలుసు, స్టేజీ మీదున్నోళ్ళకే తెలీదు, నవ్వంతా ఆ తేడాలోనే ఉంది. మీ ఓనర్ ప్లంబర్ సీన్ అందుకే పేలుతుంది, దాన్ని ముట్టుకోకండి.

అర్ధవిరామం:

పైన చెప్పింది కరెక్టే, నేను లింగ్విస్టిక్స్ వైపు నుంచి ఒకటి కలుపుతా. పాల్ గ్రైస్ అని ఒక ఫిలాసఫర్, 1975లో అచ్చైన వ్యాసంలో మనుషులు మాట్లాడుకునేటప్పుడు చెప్పకుండానే పాటించే పద్ధతులు నాలుగన్నాడు: కావలసినంతే చెప్పు, నిజం చెప్పు, సందర్భానికి తగ్గది చెప్పు, స్పష్టంగా చెప్పు. మీకు రెడీమేడ్‌గా నాలుగు పాత్రలు! ఒక్కొక్కడు ఒక్కోటి పాటించడు. పక్కింటాయనతో "మా ఓనర్ ఎవరో మీకు తెలుసా?" అంటే "తెలుసు" అని లోపలికెళ్ళి తలుపేసుకుంటాడు, అబద్ధం లేదు, సందర్భం తప్పలేదు, స్పష్టంగానే చెప్పాడు, కావలసినంత మాత్రం చెప్పలేదు. మెట్ల దగ్గర ఎదురయ్యే ఇంకో ఆవిడ ఉంటుంది, అదే ప్రశ్నకి ఇల్లు పునాది తవ్విన రోజు నుంచి మొదలుపెడుతుంది, ఓనర్ పేరు కూడా చెప్తుంది కానీ అప్పటికి మనవాడు నిద్రపోయి ఉంటాడు.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఎవరూ కావాలని చెయ్యకూడదు. ప్రతివాడూ తాను చాలా చక్కగా విడమరిచి చెప్పాననే నమ్మాలి. కావాలని తిప్పి చెప్పేవాడుంటే అది మోసం కథ అయిపోతుంది. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నవాడు కూడా సాయం చేద్దామనే అన్నాడు కదా.

అబ్సర్డ్ వైపు, అంటే అర్థంపర్థం లేని మాటల వైపు ఇంకా లాగాలంటే అయొనెస్కో అనే నాటకాల రచయిత దారి ఉంది, 1950లో పారిస్‌లో ఆడిన ఆయన మొదటి నాటకానికి మూలం ఇంగ్లీష్ నేర్చుకునే పుస్తకం. పైకప్పు పైన ఉంటుంది, నేల కింద ఉంటుంది లాంటి వాక్యాలు చదివి, ఇవే ఇద్దరు మనుషులు సీరియస్‌గా చెప్పుకుంటే ఎలా ఉంటుందా అనుకున్నాడట. మీ ట్యాప్ సీన్ సగం అదే. ఇంకో పది లైన్లు లాగండి, "నీళ్ళు కిందికే పడుతున్నాయండీ", "అవునండీ, పైకి పడట్లేదు".

కట్‌పేస్ట్:

నేను ఎడిటింగ్ చేస్తుంటా కాబట్టి రాతలో కనపడనిదొకటి చెప్తా. మామూలు మాటల్లో ఒకళ్ళు ఆపాక ఇంకొకళ్ళు అందుకోడానికి పట్టేది దాదాపు సెకనులో ఐదో వంతు, 2009లో పది భాషల మీద చేసిన స్టడీలో కూడా చిన్నచిన్న తేడాలతో ఇదే కనిపించింది. అంటే చెవి ఆ లెక్కకి బాగా అలవాటుపడిపోయి ఉంటుంది, కాస్త లేటైతే చాలు ఏదో తేడాగా ఉందని మనసుకి తెలిసిపోద్ది. "మనదే అనుకోండి" అన్నాక ఒక సెకను ఊరికే వదలండి, ఇద్దరూ నవ్వు మొహాలతో అలా నిలబడితే చాలు, ఇంకో డైలాగ్ అక్కర్లేదు. లాఫ్ ట్రాక్, అదే వెనకాల వినిపించే రికార్డు నవ్వులు, మాత్రం వెయ్యొద్దు ప్లీజ్, ఆ సైలెన్స్‌ని అది మింగేస్తుంది.

పైపులోపాము:

ట్యాప్ కారడానికి మామూలుగా వాషర్ అరిగిపోయి ఉంటుంది బ్రో. ముందు మెయిన్ వాల్వ్ కట్టెయ్, తర్వాత హ్యాండిల్ స్క్రూ తీసి వాషర్ మార్చు. క్వార్టర్ టర్న్ మోడల్ అయితే లోపల కార్ట్రిడ్జ్ ఉంటుంది, అదే మార్చాలి. బలంగా తిప్పితే ట్యాప్ ఊడొస్తది, మీ ప్లంబర్ చేసిన తప్పు అదే.

చిత్తుకాగితం:

రెండోడ్రాఫ్ట్ గారూ, "మనదే అనుకోండి" ఇప్పుడే ఫ్రెండ్‌కి పంపా, వాడు ఫోన్ చేసి పావుగంట నవ్వాడు, పక్కింటాయన కూడా ఖాయం. నీళ్ళు పైకి పడట్లేదు అనేది యథాతథంగా కొట్టేస్తున్నా, ఏమనుకోకండి.

పైపులోపాము గారూ, అది స్క్రిప్ట్ అండీ, నిజం ట్యాప్ కాదు.

పైపులోపాము:

ఆ నిజమే, డూప్లికేట్ ట్యాపులు తొందరగా పోతాయి. ఇంతకీ ఓనర్‌కి చెప్పావా?