అప్‌డేట్: చెక్క గోడ ఫ్రేమ్ మెలి తిరగడం, కారణం దొరికింది

కార్పెంటరీ క్లాసులో కట్టిన 8×6 అడుగుల ఫ్రేమ్ నేలమీద స్క్వేర్‌గానే (మూలలు సరిగ్గా 90 డిగ్రీల్లో) ఉండి, నిలబెట్టాక ఒక పక్కకు మెలి తిరుగుతోందని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

కారణం చెక్కలో తేమే. "తేమ చూడండి" అన్నవారి మాటే నిజమైంది. మా మేస్త్రి గారు మాయిశ్చర్ మీటర్ పెడితే రెండు స్టడ్‌లలో (ఫ్రేమ్‌లోని నిలువు చెక్కలు) 26 శాతం తేమ చూపించింది. ఫ్రేమింగ్ కలప 19 శాతం దాటకూడదట. ఆ రెండింటి కోసిన చివర చూస్తే చెట్టు పెరుగుదల వలయాల మధ్య బిందువు సరిగ్గా చెక్కలోనే ఉంది, అక్కడినుంచే పగుళ్లు. చెట్టు నడిమి నుంచి కోసిన ముక్క ఆరేకొద్దీ మెలి తిరుగుతుందన్నారు. హైదరాబాద్ వానాకాలంలో టింబర్ డిపో బయట తడిసిన సరుకు మరి!

ఆ రెండూ తీసేసి, కిల్న్‌లో (కలప ఆరబెట్టే వేడి గదిలో) ఆరబెట్టిన పైన్ చెక్క వేశాం. మధ్యలో అడ్డ చెక్కలు కూడా కొట్టాం. ఇప్పుడు తూకం గుండు దారం వేలాడదీసి చూస్తే ఫ్రేమ్ నిటారుగా ఉంది.

కొందరు అనుమానించిన నేల ఎగుడుదిగుడు, మేకుల సైజు రెండింటికీ దీంతో సంబంధం లేదు. మూల నుంచి ఎదురు మూలకు కొలత మొదటినుంచీ రెండువైపులా 10 అడుగులే, అంటే ఫ్రేమ్ స్క్వేర్‌గానే ఉంది. కొందరు చెప్పినట్టు అదనంగా మేకులు కొడితే మాత్రం చెక్క ఇంకా పగిలింది, ఆ సలహా ఎవరూ పాటించకండి.