నష్టాల్లో ఉన్న రెండు ఎయిర్‌లైన్స్ కలిస్తే మన ఉద్యోగాలు ఉంటాయా, ఊడతాయా?

హంటర్‌రోడ్ గ్రౌండ్‌స్టాఫ్:
శంషాబాద్‌లో చెక్-ఇన్ కౌంటర్‌లో పని చేస్తాను, ఇల్లు హనుమకొండ. వారం నుంచి మా స్టాఫ్ గ్రూపుల్లో ఒకటే గోల: మా కంపెనీ ఇంకో కంపెనీతో కలిసిపోతోందట. రెండూ అప్పుల్లో ఉన్నవే. పేర్లు రాయను, హెచ్‌ఆర్ వాళ్లు కూడా ఇలాంటివి చదువుతారు. ఇదివరకు నెల మొదట్లో పడే జీతం ఇప్పుడు సగం నెల దాటాక పడుతోంది, అదీ చిన్న గ్రేడ్లకు ముందు, పెద్ద గ్రేడ్లకు తర్వాత. అందరికీ టెన్షనే.
నా మాట సూటిగా చెబుతున్నా, కలిస్తేనే మేలు. గో ఫస్ట్ ఎయిర్‌లైన్ సంగతి చూశాం కదా. 2023 మేలో దివాలా పిటిషన్ వేసి విమానాలు ఆపేశారు, 2025 జనవరిలో లిక్విడేషన్ ఆర్డర్ వచ్చింది, అంటే ఉన్నవి అమ్మేసి కంపెనీ మూసేయమని. మళ్లీ ఎగురుతుందని అంతకాలం ఎదురుచూసినవాళ్లు ఎందరో. విలీనమైతే యూనిఫాం మారుతుందేమో కానీ ఉద్యోగం మిగులుతుంది. కాదనేవాళ్లు చెప్పండి.

కాజీపేట రిటైర్డ్:
తమ్ముడూ, నేను కాదంటాను. మెయింటెనెన్స్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి, ఈ కలవడాలు దగ్గర నుంచే చూశాను.
2007 ఒక్క ఏడాదే తీసుకో. జెట్ వాళ్లు సహారాను 1,450 కోట్లకు కొన్నారు. కింగ్‌ఫిషర్ వాళ్లు డెక్కన్‌లో వాటా కొని తర్వాత మొత్తం కలిపేసుకున్నారు. ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను ప్రభుత్వం ఒకటి చేసింది. కింగ్‌ఫిషర్ 2012 అక్టోబర్‌లో ఆగిపోయింది. జెట్ 2019 ఏప్రిల్ 17న చివరి విమానం నడిపింది. ఎయిర్ ఇండియాను 2022 జనవరిలో టాటాలకు అప్పగించేదాకా ప్రభుత్వమే డబ్బు పోస్తూ వచ్చింది. మూడు పెళ్లిళ్లలో ఒక్కటైనా సజావుగా నిలిచిందా?
కింగ్‌ఫిషర్, డెక్కన్‌లలో విమానాలు కూడా ఒకే రకం, రెండు చోట్లా ఎయిర్‌బస్ 320లు, ఏటీఆర్‌లు. విడిభాగాలు, ఇంజనీర్ల లైసెన్సులు, సిమ్యులేటర్లు అన్నీ సరిపోయాయి. కాగితం మీద ఇంతకంటే మంచి జోడీ దొరకదు. అయినా అసలు తొందర వేరే. అప్పట్లో ఐదేళ్లు దేశంలో నడిపితేనే విదేశాలకు వెళ్లనిచ్చేవారు, డెక్కన్ 2003లో మొదలైంది కనుక ఆ గడువు ముందుగా పూర్తవుతుందని కొన్నారు. అప్పు అలాగే ఉంది, టికెట్ ధర ఖర్చుకు సరిపోలేదు.
ఎయిర్ ఇండియాలో తిప్పలు వేరు. అటు ఎయిర్ ఇండియాలో ఎక్కువగా బోయింగ్, ఇటు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో ఎయిర్‌బస్. జీతాల పద్ధతి వేరు, ప్రమోషన్ లెక్క వేరు. అది తేల్చకుండా బోర్డు మార్చారు. జీతాలు సమానం చేయాలని 2011లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ వైపు పైలట్లు సమ్మె చేశారు. 2012లో ఎయిర్ ఇండియా వైపు పైలట్ల వంతు వచ్చింది, కొత్త బోయింగ్ డ్రీమ్‌లైనర్ ట్రైనింగ్ ఇండియన్ ఎయిర్‌లైన్స్ వాళ్లకు ఎందుకిస్తారని. మధ్యలో జస్టిస్ ధర్మాధికారి కమిటీ వేయాల్సి వచ్చింది. కలిపిన ఐదేళ్లకు కూడా ఎవరు సీనియరో తేలలేదు!
కంపెనీ ఆరోగ్యం తెలుసుకోవాలంటే గ్రూపులో మెసేజ్‌లు చదవకు. హ్యాంగర్ పక్కన నిలబెట్టిన విమానం చూడు. దాన్నుంచి పార్టులు ఊడదీసి ఎగిరేవాటికి పెడుతుంటే, అది మళ్లీ లేవదని మా టెక్నీషియన్లకు అందరికంటే ముందే తెలిసేది.

కరీంనగర్ క్యాబిన్:
పెద్దసార్ చెప్పినవన్నీ పాత కథలు. విస్తారా 2024 నవంబర్ 12న ఎయిర్ ఇండియాలో కలిసింది. ఆ రోజు నుంచే అవే విమానాలు ఎయిర్ ఇండియా నంబర్‌కు ముందు 2 చేర్చుకుని ఎగిరాయి. నా బ్యాచ్‌మేట్లు ఉన్నారు అందులో, ఉద్యోగాలు చేసుకుంటున్నారు.
అయితే అక్కడ కొనేవాళ్ల దగ్గర డబ్బుంది. టాటాలు ఒక వైపు, 25.1 శాతం తీసుకున్న సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఇంకో వైపు. అంత డబ్బున్నా గొడవ తప్పలేదు. ఎంత ఎగిరినా నెలకు తప్పకుండా ఇచ్చే గ్యారంటీ జీతం 70 గంటల నుంచి 40 గంటల లెక్కకు తగ్గించారని 2024 ఏప్రిల్‌లో విస్తారా పైలట్లు సిక్ లీవ్‌లు పెట్టారు. మే నెలలో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ క్యాబిన్ క్రూ అదే పని చేశారు, 25 మందిని తీసేసి, లేబర్ కమిషనర్ దగ్గర మాట్లాడుకున్నాక మళ్లీ తీసుకున్నారు. కాబట్టి అన్నా, నువ్వు అడగాల్సింది కలుస్తారా లేదా అని కాదు, డబ్బు ఎవరు పెడుతున్నారని. ఇద్దరి జేబులూ ఖాళీ అయితే నేను పెద్దసార్ వైపే.

సుబేదారి బ్యాంకు:
ఎందుకింత భయం? ఎస్‌బీహెచ్ (స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్) 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసింది. ఇక్కడే వరంగల్‌లో హెడ్డాఫీసు ఉన్న గ్రామీణ వికాస్ బ్యాంకు తెలంగాణ శాఖలు 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. ఎవరిని రోడ్డున పడేశారు? కొన్నాళ్లు బదిలీల గోల, తర్వాత అంతా సర్దుకుంది.

కాజీపేట రిటైర్డ్:
బ్యాంకుకు వెనక ప్రభుత్వం ఉంది సార్. పైగా బ్రాంచి బిల్డింగు రాత్రికి రాత్రి లేచిపోదు. మా దగ్గర విమానాలు ఎక్కువ అద్దెవి. గో ఫస్ట్ కేసులో 2024 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు 54 విమానాల రిజిస్ట్రేషన్ రద్దు చేయమంది, ఓనర్లు తీసుకుపోయారు. ఆ తర్వాత కలపడానికి ఏం మిగిలింది? పెద్ద ఎయిర్‌పోర్టుల్లో స్లాట్లు (విమానం దిగడానికి, లేవడానికి ఇచ్చిన టైములు), పేరు, మనుషులు. మొదటిదాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తారు, జెట్ ఆగినప్పుడు ఢిల్లీ, ముంబయి స్లాట్లు అలాగే పంచేశారు. ఆఖరిది ఖర్చు కింద రాస్తారు.

పరకాల లోడర్:
అన్నలూ అక్కలూ, మీరు సీనియారిటీ లిస్టు అంటున్నారు. బ్యాగులు ఎత్తే మేము ఏ లిస్టులో? మేమంతా హ్యాండ్లింగ్ కాంట్రాక్టరు మనుషులం. రెండు కంపెనీలు ఒకటైతే రెండు కాంట్రాక్టులు కూడా ఒకటవుతాయి. మా వాళ్లలో సగం మందికి ఫోన్ కూడా చేయరు, పాస్ రెన్యువల్ ఆపేస్తారు, అంతే. గేటు దగ్గర కార్డు పని చేయనప్పుడు తెలుస్తుంది.

నక్కలగుట్ట వకీలు:
లోడర్ తమ్ముడి ప్రశ్నే అసలైనది, దానికి చట్టంలో గట్టి జవాబు లేదు. రోల్స్ మీద ఉన్నవాళ్లకు కొంత రక్షణ ఉంది. సంస్థ చేతులు మారినప్పుడు సర్వీసు తెగకూడదు, షరతులు పాతవాటికంటే తగ్గకూడదు, లేకపోతే పరిహారం ఇవ్వాలని పాత పారిశ్రామిక వివాదాల చట్టం 25ఎఫ్‌ఎఫ్ సెక్షన్ చెప్పేది, కొత్త కోడ్‌లోనూ అలాంటి నిబంధన ఉంది. కానీ అది వర్క్‌మెన్ కింద, అంటే మేనేజర్ హోదా లేని కార్మికుల కింద వచ్చేవారికి. మేనేజర్ అని హోదా ఇస్తే మురిసిపోకండి, ఇక్కడ అది ఎదురు తిరుగుతుంది.
మూతపడితే పీఎఫ్, గ్రాట్యుటీ అప్పులవాళ్ల వాటాలో కలవవు. జెట్ ఉద్యోగుల విషయంలో 2023 జనవరిలో సుప్రీంకోర్టు దాకా వెళ్లి అదే నిలబడింది. మిగతా జీతం బకాయిలకు వర్క్‌మెన్ అయితే 24 నెలలు, కాకపోతే 12 నెలలే లెక్క, అదీ క్యూలో ఇంకా వెనక. జెట్‌కు 2024 నవంబర్‌లో అదే సుప్రీంకోర్టు లిక్విడేషన్ ఆర్డర్ ఇచ్చింది. ఐదేళ్లకు పైగా తిరిగిన మనుషులు వాళ్లు.
ఈ రాత్రికే మీ పీఎఫ్ ఖాతా నంబర్ యూఏఎన్‌తో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూడండి. స్లిప్పులో కోత ఉండి పాస్‌బుక్‌లో జమ లేకపోతే విలీనం మాట తర్వాత, ముందు పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్‌ఓ ఫిర్యాదు పోర్టల్‌లో రాసి పెట్టండి.

మామునూరు పిల్లోడు:
మా ఊరి ఎయిర్‌పోర్టుకు 2025 ఫిబ్రవరి 28న కేంద్రం సరేనంది. మొదటి విమానం దిగేనాటికి ఏ కంపెనీ మిగులుతుందో ఒక పోల్ పెట్టండి అన్నా 😄

హంటర్‌రోడ్ గ్రౌండ్‌స్టాఫ్:
పోల్ తర్వాత పెడదాంలే తమ్మీ. పాస్‌బుక్ చూశాను. రెండు నెలలు జమ లేదు, స్లిప్పుల్లో మాత్రం కోత ఉంది. వకీలు సార్, ఫిర్యాదు పెడుతున్నా, స్క్రీన్‌షాట్లు తీసుకున్నా.
కలవాలన్న నా మాట మాత్రం మార్చను. అమెరికాలో స్పిరిట్ ఎయిర్‌లైన్స్‌ను ఇంకో ఎయిర్‌లైన్ జెట్‌బ్లూ కొంటానంటే 2024 జనవరిలో జడ్జి ఆపేశారు, టికెట్ ధరలు పెరుగుతాయని. అదే ఏడాది నవంబర్‌లో స్పిరిట్ దివాలా తీసింది, 2025 ఆగస్టులో మళ్లీ. ఆపినందుకు స్టాఫ్‌కు ఏం ఒరిగింది?

కాజీపేట రిటైర్డ్:
జెట్‌బ్లూకు కూడా అప్పుడు నష్టాలే తమ్ముడూ. కొననిస్తే ఇద్దరూ మునిగేవాళ్లు.

పరకాల లోడర్:
వకీలు సార్, కాంట్రాక్టు వాళ్లకు కూడా యూఏఎన్ ఉంటుందా? మా సూపర్‌వైజర్ ఎప్పుడూ నంబర్ చెప్పలేదు.

నక్కలగుట్ట వకీలు:
జీతంలో పీఎఫ్ కోస్తుంటే ఉండి తీరాలి. ఆధార్ నంబర్‌తో పోర్టల్‌లో వెతుక్కోవచ్చు. దొరక్కపోతే రెండు స్లిప్పులు తీసుకుని ఆదివారం రా తమ్మీ, ఫీజు అక్కర్లేదు.