అన్నతోటి మాటల్లేవు, ప్రభు బల్ల తీసుకోవచ్చా?

దేవరకొండ తమ్ముడు:
మా అన్న గెట్టు జరిపి నా రెండు గుంటలు కలుపుకున్నడు. మూడేండ్ల నుంచి మాటల్లేవు. పాస్టరుగారు మత్తయి 5:23-24 చదివి, సమాధానపడేదాక బల్ల (రొట్టె, ద్రాక్షరసం) తీసుకోవద్దన్నరు. తప్పు ఆయనది, శిక్ష నాకా?

జడ్చర్ల పెద్దయ్య:
వాక్యం సాఫ్‌గ ఉన్నది తమ్మీ. అర్పణ బలిపీఠం ముందట విడిచి, ముందుగాల పోయి సమాధానపడమన్నడు ప్రభువు. మా పాలమూరు ఎంబీ (మెన్నోనైట్ బ్రదరన్) సంఘాలకు సువార్త తెచ్చిన మెన్నోనైట్లు అనే క్రైస్తవ శాఖోళ్లు ప్రాణం పోయినా కత్తి పట్టొద్దని నమ్మినోళ్లు. రెండు గుంటలెంత?

దేవరకొండ తమ్ముడు:
23వ వచనం మళ్ల చదువుండ్రి పెద్దయ్యా. ‘నీమీద నీ సహోదరునికి’ విరోధం ఉంటే అని ఉన్నది. నేను తప్పు చేస్తే నేను పోవాలె. చేసింది ఆయన.

మిర్యాలగూడ విశ్వాసి:
మీకు శాంతి ఇచ్చి పోతున్ననన్నడు ప్రభువు, యోహాను 14:27. ఆమెన్.

జడ్చర్ల పెద్దయ్య:
అయితే మత్తయి 18:15 చూడు. సహోదరుడు తప్పు చేసినా నువ్వే పోవాలె.

దేవరకొండ తమ్ముడు:
పోయి ‘గద్దించుము’ అన్నడు. నోరు మూసుకొమ్మనలే.

నల్గొండ అక్క:
మా ఆయన తాగి కొట్టినప్పుడల్లా సంఘపెద్దలు వచ్చి ప్రార్థన చేసి, ‘సమాధానంగ ఉండు బిడ్డా’ అని పోయేటోళ్లు. ఆరేండ్లు. ఆయనకు బల్ల ఒక్కసారన్న ఆపలే. సమాధానం లేని కాడ సమాధానం, సమాధానం అంటున్నరని యిర్మియా 6:14ల ఉన్నది గిదే. హీబ్రూల షాలోమ్ అంటే కొట్లాట ఆగుడొక్కటే కాదు, అంతా సక్కగ, నిండుగ ఉండుడు. సుంకం వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగ తీసుకున్నది నాలుగంతలు తిరిగిస్తనన్నంకనే ఈ ఇంటికి రక్షణ వచ్చిందన్నడు ప్రభువు.

జడ్చర్ల పెద్దయ్య:
కొట్టెటోనితోటి ఉండమని నేననలే బిడ్డా. అది వేరు, గెట్టు వేరు.

నల్గొండ అక్క:
వేరెట్లయితది? రెండు కాడలా తగ్గమనేది దెబ్బ తిన్నోళ్లనే. మీకేం పోయింది, ఊకె చెప్తరు!

జడ్చర్ల పెద్దయ్య:
నాకేం పోయిందా? న్యాయం తేలేదాక మా తమ్మునితోటి మాట్లాడనని పంతం పట్టిన. పదకొండేండ్లకు తీర్పు నా దిక్కు వచ్చింది. అప్పటికి వాడు ప్రభువునందు నిద్రించిండు. మట్టి వేయనీకి గూడ పోలే నేను. అందుకే తమ్మీని పొమ్మంటున్న, వచనంల గెలవాలని కాదు.

దేవరకొండ తమ్ముడు:
మాఫ్ చేయుండ్రి పెద్దయ్యా. నాకు తెల్వదు.

నల్గొండ అక్క:
పెద్దయ్యా, బాధ పెట్టాలని కాదు. మీ తమ్మునికి పిల్లలున్నరా?

జడ్చర్ల పెద్దయ్య:
ఇద్దరున్నరు. ఇంకా వాళ్లింటికి పోలే.